మూడో నంబరు సీసా

ఆ నదికి జ్వరమొచ్చినా జలుబు చేసినా ముందుగా తెలిసేది ఒక్క మనిషికే. ఊరంతా ఆయన్ని కొలతలాయన అంటుంది. అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో ఉంది, అక్కడే ఉండిపోయింది. నది బాగోగులు చూసే ఆఫీసులో ఆయన ఉద్యోగం. కొండ వాలున ఎక్కడ చినుకు పడ్డా, ఎవరి పెరటి తూము పొంగినా, ఎవరి చేలో మందు చల్లినా ఆ నీళ్ళన్నీ చివరికి ఈ నదిలోకే దిగాలి. కాబట్టి నది నాడి పట్టుకుంటే చుట్టుపక్కల జనమంతా ఏం చేస్తున్నారో ఇంట్లో కూర్చుని చెప్పేయొచ్చని ఆయన నమ్మకం. నమ్మకమేమిటి, గర్వం.

పొద్దున్నే వంతెన కింద కొలబద్ద దగ్గర నిలబడి నీటిమట్టం రాసుకుంటాడు. నలుపూ తెలుపూ రంగులేసిన పళ్ళెం ఒకటుంది, దాన్ని తాడుకు కట్టి నీళ్ళలోకి దించుతాడు. ఎంత లోతుకు దిగాక అది కంటికి ఆనకుండా పోతుందో చూసి, నీళ్ళు ఎంత మసకగా ఉన్నాయో తేలుస్తాడు. ఆ తర్వాత ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నదిలోకి దిగి, రాళ్ళు తిరగేసి, వాటి అడుగున పాకే పురుగులెన్నో రాసుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ముప్పై ఎనిమిది నోటుపుస్తకాలు నిండాయి. వాటిలో ఒక్కటంటే ఒక్క కొట్టివేత లేదు. ఆ మాట ఆయన తనంతట తాను చెప్పడు గానీ, ఎవరైనా అడిగేదాకా అక్కణ్ణుంచి కదలడు.

మనిషి మంచివాడే. కాకపోతే కొలతల పిచ్చి ఇంట్లోకి కూడా వచ్చేసింది. టీ గ్లాసు చేతికిస్తే వెలుతురుకెత్తి చూసి గానీ తాగడు.

"ఏమండీ, అది టీ. మసగ్గానే ఉంటుంది. తాగండి" అని భార్య పెళ్ళైన దగ్గర్నుంచి చెబుతూనే ఉంది.

ఆవిడ గురించి చెప్పాలంటే ఒక్క ముక్క చాలు: శుభ్రం. ఆ ఇంట్లో గోడ మీద ఈగ వాలాలన్నా కాళ్ళు కడుక్కుని రావాల్సిందే. ఎవరైనా చేతులు కడుక్కుని వెళ్తే, ఆవిడ ఆ తర్వాత సబ్బుబిళ్ళను కడుగుతుంది. అలాంటి ఇల్లాలి ఫ్రిజ్జులో, పాలకీ టమాటాలకీ మధ్య, నాలుగు సీసాల నది నీళ్ళు. ఎందుకంటే ల్యాబు బండి వారానికి ఒక్కసారే వస్తుంది, అప్పటిదాకా నీళ్ళు చల్లగా ఉండాలి. బండి వాళ్ళు కావలసినన్ని నీళ్ళు ఒంపుకుని సీసాలు ఇక్కడే వదిలేస్తారు.

"నదిని తెచ్చి నా పాల పక్కన కూర్చోబెడతారా!" అని మొదట్లో పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి కింది అర ఆయనకిచ్చి, దాని మీద ఒక ప్లాస్టిక్ తెర వేళ్ళాడదీసింది. రెండు దేశాల సరిహద్దులా ఇప్పటికీ ఉంది ఆ తెర.

ఆ సీసాల కథ కాస్త చెప్పుకోవాలి. నదిలో ఆయన నీళ్ళు పట్టే చోట్లు నాలుగు. కొండ దిగువ ఒకటి, వంతెన దగ్గర రెండు, లాండ్రీ దాటాక ఉన్న మడుగు మూడు, ఊరి కాలువ కలిసే చోటు నాలుగు. ఏ చోటుకి ఆ చోటు సీసా. ఒక చోటి సీసాను ఇంకోచోట ముంచడమంటే ఆయన దృష్టిలో ఒకరి పళ్ళ బ్రష్షు ఇంకొకరు వాడటమే. వాటికి సబ్బు తగలకూడదు. వారానికోసారి ఆయనే ఏదో మందునీళ్ళతో తొలుస్తాడు, మళ్ళీ నదిలో ముంచే ముందు ఆ నది నీళ్ళే పోసి, గిలకరించి, సీసాచేత మూడుసార్లు పుక్కిలింపిస్తాడు. అంతే. మూడో మడుగు మీద చెట్లు వంగి ఉంటాయి. రాలిన ఆకులు నానీ నానీ ఆ సీసా అడుగున టీ మరకలా గోధుమరంగు వలయం కట్టింది. దానివల్ల చెడిపోయేదేమీ లేదు.

అలా సాగిపోతుండగా ఒకరోజు ఆయన పాచి పట్టిన రాయి మీద కాలేసి జారాడు. నోటుపుస్తకాన్ని ఎడమచేత్తో పైకెత్తి కాపాడుకున్నాడు. కుడి మణికట్టు మాత్రం బెణికింది. డాక్టరు కట్టు కట్టి ఆరువారాలు నీళ్ళు తగలనివ్వొద్దన్నాడు. నీళ్ళు పట్టే పనికి ఆఫీసు సెలవివ్వలేదు, ఆయన అడగనూ లేదు. ఎడమచేత్తోనే ముంచి తెచ్చేవాడు. ఇంటికొచ్చాక ఒంటిచేత్తో సీసాలు తొలచబోయి సింకులో టంగుటంగుమనిపిస్తుంటే భార్యకు చూడబుద్ధి కాలేదు.

"ఇటివ్వండి. ముప్పై ఏళ్ళుగా గిన్నెలు తోముతున్నదాన్ని, నాలుగు సీసాలు నాకో లెక్కా?"

"తోమడం కాదే! ఒంపేసి బోర్లించు, చాలు. నదిలో నేను పుక్కిలించుకుంటాగా."

"సరే సరే, ఒంపుతా, బోర్లిస్తా. మీరెళ్ళి కూర్చోండి."

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ వచ్చింది చిక్కంతా.

నాలుగో వారం ల్యాబు నుంచి కాగితం వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు బాగానే ఉన్నాయి. మూడో చోట ఫాస్ఫేటు ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లుంది. బట్టలుతికే పొడిలో ఉండే సరుకది. నీళ్ళలో కలిస్తే నాచు విరగబెరిగి, చేపలకు ఊపిరాడదు. మూడో చోటుకి పైన ఉన్నదేమిటి? లాండ్రీ. ఇక వేరే చెప్పాలా? ఆఫీసు వాళ్ళు లాండ్రీకి నోటీసు అంటించారు. గురువారం విచారణ, సరైన జవాబు లేకపోతే తాళం.

లాండ్రీ నడిపేది అరవై దాటిన పెద్దావిడ. అందరికీ అక్కే. ఆసుపత్రి దుప్పట్లు, లాడ్జీల దిండు గలీబులు, హోటళ్ళ టేబులు గుడ్డలు, అన్నీ అక్కడికే వస్తాయి. ఆవిరి పొగల మధ్య పదకొండు మంది పనివాళ్ళు. నోటీసు చేతిలో పట్టుకుని ఆవిడ నేరుగా కొలతలాయన ఇంటికొచ్చింది. చెప్పులు బయట విడిచింది గానీ కోపం విడవలేదు.

"ఏం తమ్ముడూ, నా సబ్బునీళ్ళు నేరుగా నదిలో కలుస్తున్నాయా? మడ్డి దిగడానికి గోతులు తవ్వించమంటే రెండు తవ్వించాను. తుంగ నాటమంటే నాటాను. నీళ్ళు ఆ తుంగలో వడకట్టుకునేదాకా చుక్క బయటికి పోదు. చెప్పిందెవరు? నువ్వే కదా! నీ మాట విని ఇటుకలు మోసినదాన్ని, ఇప్పుడు నీ మాట మీదే తాళం పడుతుందా?"

"అక్కా, నేనేమీ అనలేదు. నీళ్ళన్నాయి."

"నీళ్ళకు నోరుందా?"

"ఉంది. సీసాలో పట్టి పంపిస్తే నిజమే చెబుతాయి."

"అయితే మళ్ళీ పట్టు. ఈసారి నా కళ్ళముందు పట్టు."

వంటింట్లోంచి భార్య టీ తెచ్చింది. "తాగు వదినా. ఆయనంతే, నా టీని కూడా నమ్మరు" అంది. వదిన తాగింది. కోపంలో కూడా టీ బాగుందని ఒప్పుకుంది.

మర్నాడు అక్క చూస్తుండగానే ఆయన మూడో మడుగులో దిగి, మూడో సీసాను మూడుసార్లు పుక్కిలించి నీళ్ళు పట్టాడు. అక్క కూడా మూత బిగిసిందో లేదో చూసి "సరే" అంది. ఆఫీసు వాళ్ళు ఆ నీళ్ళను ప్రత్యేకంగా ల్యాబుకు పంపారు. జవాబు మూడ్రోజుల్లో వచ్చింది. తొమ్మిది రెట్లు కాదు, పన్నెండు.

ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. కొత్తగా వచ్చిన చిన్న వయసు పిల్ల, కానీ పని దగ్గర గట్టిది. "ఇంకెవరైనా పంపించి ఉంటే నేను అనుమానపడేదాన్నండీ. మీ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత కూడా లేదు. అందుకే మూసేయాలనే అనుకుంటున్నాను" అంది.

ఆ మాట వినాలని ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మనిషి. తీరా వినేసరికి టీ తాగకుండా పక్కన పెట్టేశాడు. పదకొండు మంది జీవనం తన నోటుపుస్తకం మీద నిలబడి ఉంది. అక్క సంగతి ఆయనకు తెలుసు. తుంగ వాడిపోతే పనివాళ్ళ కంటే ముందు తానే బురదలో దిగే మనిషి. మరి నీళ్ళెందుకలా చెబుతున్నాయి?

బుధవారం పొద్దున, కట్టు మీద ప్లాస్టిక్ సంచి కట్టుకుని, తెల్లటి పళ్ళెమొకటి చంకలో పెట్టుకుని నదికెళ్ళాడు. అక్క అప్పటికే ఒడ్డున నిలబడి ఉంది. విచారణ రేపనగా ఆవిడకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"ఇంకా ఏం చూస్తావు నాయనా? పన్నెండు రెట్లు చాల్లేదా, పదిహేను చేద్దామనా?"

"నీళ్ళు చెప్పింది విన్నాను. పురుగులేమంటాయో అడుగుదాం. ఈ పళ్ళెం పట్టుకో అక్కా."

"పట్టుకోక చస్తానా." ఆవిడ కూడా నీళ్ళలోకి దిగింది.

ఆయన రాయి తిరగేసి, బ్రష్షుతో మెల్లగా పళ్ళెంలోకి దులిపాడు. బియ్యపుగింజంత పురుగులు, బల్లపరుపుగా, వెనక మూడు సన్నటి తోకలతో గబగబా పరిగెత్తాయి. అక్క ఒక్క అరుపు అరిచింది గానీ పళ్ళెం మాత్రం వదల్లేదు.

"బొద్దింక పిల్లల్ని నా చేతుల్లో పోస్తావా!"

"బొద్దింకలు కావక్కా, రాతి పురుగులు. మంచినీళ్ళలో తప్ప బతకవు. నది చెడిందంటే ముందు పోయేవి ఇవే. నాలుగు రోజులు చాలు, మూటాముల్లె సర్దేస్తాయి."

"ఇప్పుడెన్నున్నాయి?"

ఆయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "నలభై ఒకటి. వంతెన దగ్గర నిన్న ముప్పై రెండే."

"అంటే నా సబ్బు తిని బలిసాయా?"

ఆయన నవ్వలేదు. రాయిని చేత్తో తడిమి చూశాడు. గరుగ్గా ఉంది, నాచు జిగురు లేదు. కాగితం చూస్తే నది ఊపిరాడక కొట్టుకుంటోంది. రాయి ఎత్తి చూస్తే కింద సంత జరుగుతోంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయనకు నది మీద కాక ఇంకేదో దాని మీద అనుమానమొచ్చింది. కానీ దేని మీదో తెలియలేదు.

ఇంకో బ్రష్షు కోసం మధ్యాహ్నం ఇంటికెళ్ళాడు. ఆ వేళకు ఆయన ఇంటికి రావడం అనేది ఎప్పుడూ లేదు. వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

భార్య సింకు దగ్గర, చేతులు మోచేతుల దాకా నురగలో ముంచి, పొడుగాటి బ్రష్షు పెట్టి ఒక సీసాను గిరగిరా తిప్పుతోంది. ఏదో కూనిరాగం తీస్తోంది. సీసా మీద ఎర్రటి అంకె: మూడు.

"ఏమిటది?"

"మీ సీసా."

"ఎందుకు కడుగుతున్నావు?"

"ఏం ప్రశ్నండీ? మురికిగా ఉంటే కడగరా?"

"దేంతో?"

"వదినిచ్చిన పొడితో. లాండ్రీలో వాడేది. కాఫీ మరకైనా నూనె మరకైనా దెబ్బకి వదిలిపోతుంది. షాపుల్లో దొరికేది దీని ముందు బూడిద."

ఆయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "అయ్యో, ఇప్పుడే తుడిచానండీ, తడిగా ఉంది" అంది ఆవిడ. అప్పటికే తడిసిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు వారాలు దాటిందేమో. అంతకుముందు దీన్నీ ఒంపి బోర్లించేదాన్ని. మిగతావి ఒంపేసి బోర్లిస్తున్నా, మీరు చెప్పినట్టే. ఇదొక్కటే పాపం, అడుగంతా మరక. చూస్తూ ఊరుకోలేకపోయాను. వారం పట్టింది వదలడానికి. ఇప్పుడు చూడండి, ఎలా మెరుస్తోందో!"

"పొడి మొత్తం పోయేలా తొలుస్తున్నావా?"

"ఒక్కసారి తొలుస్తా. మరీ తొలిస్తే వాసన పోతుంది కదండీ. వాసన ఉంటేనే కడిగినట్టు."

సీసాను చేతిలోకి తీసుకున్నాడు ఆయన. నిజమే, మెరుస్తోంది. మరక లేదు. ఎప్పుడు పోయిందో తనకు తెలియనే తెలియదు. ఊళ్ళో నీళ్ళన్నీ వెలుతురుకెత్తి చూసిన మనిషి, నీళ్ళున్న సీసాను మాత్రం చూడలేదు. నదిలో మూడుసార్లు పుక్కిలిస్తే ఎంత పొడైనా పోతుందనుకోవడానికి లేదు. కంటికి కనబడని ఆ కాస్త చాలు, ల్యాబు మిషను గగ్గోలు పెట్టడానికి. అక్క ఎదురుగా జాగ్రత్తగా పట్టిన రెండోసారి నీళ్ళూ ఈ సీసాలోనివే. లాండ్రీ సబ్బే అని ల్యాబు చెప్పింది. ల్యాబుది తప్పు కాదు. అచ్చంగా లాండ్రీ సబ్బే.

సంగతంతా విడమరచి చెప్పేసరికి భార్య చేతిలో బ్రష్షు సింకులో పడింది.

"అంటే వదిన లాండ్రీకి తాళం పడేది నా వల్లా?"

ఆవిడ తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది: "ఒక పని చేస్తే? కొత్త సీసాలో పట్టి తీసుకెళ్ళండి. నీళ్ళు బాగున్నాయని వస్తుంది. లాండ్రీ బతుకుతుంది. మధ్యలో మీ పేరెందుకు, నా పేరెందుకు?"

నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన ఆవిడ కంటే ముందే ఆయనకొచ్చింది. స్టూలు మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు కూడా. కొట్టివేత లేని ముప్పై ఎనిమిది పుస్తకాలు అటు ఉన్నాయి. ఎవరికీ తెలియదు.

"లాభం లేదు" అన్నాడు చివరికి. "అప్పుడు కాగితం మీద ఏమవుతుంది? లాండ్రీ నదిని పాడుచేసింది, నోటీసిస్తే మానుకుంది అని. అక్క చేయని తప్పు మానేసిందని రాస్తారు. ఏడాది పాటు నెత్తిన కాపలా పెడతారు. ఇంకో పదేళ్ళకు ఎవరో నా పుస్తకం తెరిచి, ఆ నెల నదికి రోగమొచ్చిందని మందు వెతుకుతారు. రాని రోగానికి!"

భార్య తువ్వాలు మేకుకు తగిలించింది. "అయితే రేపు నేనూ వస్తా."

"నువ్వెందుకే?"

"కడిగింది నేను. మీరు చెబితే నన్ను దాచడానికి సగం మింగేస్తారు. మీ మొహం నాకు తెలీదా?"

గురువారం ఆఫీసు గదిలో పొడవాటి బల్ల, గోడ మీద నది పటం, ఆకు ఈనెల్లా చీలిన నీలం గీతలు. అటు ఆఫీసరమ్మ. ఇటు అక్క, ఒళ్ళో ఫైలు, మొహంలో యుద్ధం. కొలతలాయన రెండు సీసాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పాత మూడో నంబరు. అందులో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు పోసి తెచ్చాడు, నది చుక్క ఒక్కటీ లేదు. రెండోది కొత్త సీసా, అందులో ఆ పొద్దున మూడో మడుగులో పట్టిన నీళ్ళు.

"మేడమ్, ఈ రెండూ ఇప్పుడే ల్యాబులో చూపించండి. పాత సీసాలో సబ్బు ఉంటుంది. కొత్తదాంట్లో ఉండదు. తప్పు నదిది కాదు, లాండ్రీది కాదు. సీసా శుభ్రంగా లేదు."

"శుభ్రంగా లేకపోవడమేమిటి!" భార్య కుర్చీలోంచి లేచింది. "అమ్మా, నువ్వే చూడు, అద్దంలా ఉంది! అదీ అసలు సంగతి. నేనే కడిగాను. మురికి సీసా కడగకూడదని మీ ఆఫీసులో ఎక్కడైనా రాసి పెట్టారా? ఆయనేమో ఒంపి బోర్లించమన్నారు, నిజమే. కానీ మరక ఉంటే ఎలా ఊరుకుంటాం? నువ్వైతే ఊరుకుంటావా?"

ఆఫీసరమ్మ ఏదో అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు. తర్వాత సీసాలు రెండూ వెనక గదిలోని ల్యాబుకు పంపించి, "ఒక గంట కూర్చోండి" అంది.

ఆ గంటా ముగ్గురూ వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో కొలతలాయన. అక్క మెల్లగా తల తిప్పి, ఆయన మీదుగా భార్యను అడిగింది.

"నేనిచ్చిన పొడేనా?"

"నువ్విచ్చిందే వదినా."

"అరకిలో ఇచ్చాను."

"చాలా మంచి పొడి వదినా. నా కొంప ముంచింది గానీ, పొడిని అనడానికేం లేదు."

"నా సబ్బుతో నాకే ఉరి వేశావు కదే!" అక్క బెంచీ దద్దరిల్లేలా ఒక్క చరుపు చరిచింది. ఆ చరుపు మధ్యలో ఉన్న ఆయన తొడ మీద పడింది. ఆయన తొడ నిమురుకున్నాడు.

"అది కడిగిందక్కా, చూసుకోవాల్సింది నేను. సీసా నాది" అన్నాడు.

"నీదే. నీతో తర్వాత మాట్లాడతా."

ల్యాబు జవాబు వచ్చింది. ఏ నదీ చూడని డిస్టిల్డ్ వాటర్లో సబ్బు దొరికింది. మూడో మడుగు నీళ్ళు బాగున్నాయి. ఆఫీసరమ్మ నోటీసు రద్దు చేస్తూ సంతకం పెట్టి, ఆ కాగితం అక్క చేతికిచ్చింది. తర్వాత కొలతలాయన వైపు తిరిగింది. ఈసారి నవ్వులేదు.

"మీ పుస్తకంలో ఆ తొమ్మిది, పన్నెండు రెట్ల లెక్కలు రెండూ కొట్టేయాలండీ. పక్కన కారణం రాసి సంతకం పెట్టండి. మీకొక మెమో కూడా ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి మేడమ్."

ఎర్రసిరా పెన్ను ఆమే ఇచ్చింది. చెయ్యి ఇంకా సరిగా తిరగక గీత వంకరపోయింది. రెండు గీతలు. కారణమనే చోట "సీసాకు సబ్బు అంటినందున" అని రాసి, కాసేపాగి, "పరీక్షించడంలో నా అశ్రద్ధ" అని కలిపాడు. ఆయన భుజం మీదుగా భార్య తొంగి చూసి, బల్ల మీద పడిన సిరా చుక్కను కొంగుతో తుడిచింది.

బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర లాండ్రీ ఆటో ట్రాలీ ఆగి ఉంది. అక్క డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది.

"ఎక్కు తమ్ముడూ."

"ఇంటి దగ్గర దింపుతావా అక్కా?"

"దింపుతానా? ఈ పదిరోజుల్లో ఆసుపత్రి వాళ్ళు దుప్పట్లివ్వడం మానేశారు. ఆరు లాడ్జీలు, మూడు హోటళ్ళు పోయాయి. నదిని పాడుచేసే లాండ్రీ అని పేరొచ్చింది. కాగితం నా చేతిలో ఉంది, బాగానే ఉంది. కాగితమెవరు చదువుతారు? నువ్వొచ్చి ప్రతి గుమ్మంలో నీ నోటితో చెప్పు."

ఆయన భార్య వైపు చూశాడు. "వెళ్ళండి" అంది ఆవిడ. "నేను నడిచి వెళ్తా. వాళ్ళ గుమ్మాల్లో చెప్పులు విప్పండి, మట్టి రాలుతోంది."

మొదటి లాడ్జీలో కొలతలాయన మొదలుపెట్టడమే ఫాస్ఫేటు అంటే ఏమిటన్న దగ్గర మొదలుపెట్టాడు. మేనేజరు ఒక ఫోను మాట్లాడి, ఇంకో ఫోను మాట్లాడి, తల ఎత్తేసరికి ఈయన ఇంకా నాచు దగ్గరే ఉన్నాడు. అక్క వెనక నుంచి మోచేత్తో పొడిచింది. రెండో చోట సీసాలు, మరకలు, నాలుగు నిమిషాల్లో అయింది. ఆసుపత్రిలో దుప్పట్ల గది చూసుకునే ఆవిడకు తీరికే లేదు, గుమ్మంలో నిలబెట్టే అడిగింది.

"ఒక్క ముక్కలో చెప్పండి. తప్పెవరిది?"

"నాదండీ."

"లాండ్రీది కాదుగా?"

"కాదండీ. నాదే."

"సరే, రేపట్నుంచి పంపిస్తాం. ఇవాళ్టివి అరవై ఉన్నాయి, అదిగో మూట."

కొలతలాయన ఎడమచేత్తో ఆ మూట ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. అక్క ఒక చివర పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ట్రాలీలో పడేశారు. అక్క చెమట తుడుచుకుంటూ, ఆ రోజు మొత్తంలో మొదటిసారిగా, కాస్త మెత్తగా చూసింది ఆయన్ని.

"ఇదీ మాట. ఇలా చెప్పు. ఇంకా ఏడు గుమ్మాలున్నాయి, ఎక్కు."